కూసుండే కొలువు

కోఠి నుంచి కొండాపూర్ దాకా
ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నయో
రోడ్డేసినోళ్ళకు తెల్వకపోవచ్చు.
నాకు తెలుసు. ముప్పై ఒకటి.
పద్నాలుగు నెలల సంది
నేను కండ్లతోని లెక్కపెడ్తలేను.

ఏడ నొస్తుందన్నా అని
కండక్టర్ బాలమణి అడిగితే, నడుమన్న.
డిపోల అడిగితే నడుము.
అమ్మ అడిగితే గూడ నడుమే.
పాపం నడుము,
అది చెయ్యని తప్పుకు
ఎన్ని డబ్బాల బామ్ పూయించుకున్నదో!

పొద్దుగాల నల్లా విప్పి పెడ్త,
బకెట్ల నీళ్ళ సప్పుడుల
నా మూలుగు మునిగిపోవాలని.
లోపల గాజుపెంకు.
తెల్ల టైలు మీద ఎర్ర సిగ్నల్ లెక్క ఒక్క సుక్క.
ఇగ రెండు గంటల దాకా
మిరపకాయల కల్లంల కూసున్నట్టే,
స్టీరింగ్ పట్టుకొని, నవ్వుకుంట,
"ముందుకు జరుగుండ్రి, ముందుకు" అనుకుంట.

ఆఖరికి నోరు విప్పింది
నాంపల్లిల, డాక్టర్ నుజ్హత్ ముంగట.
తల ఎత్తకుండనే "ఫిషర్, పాతది" అని రాసింది
చలాన్ రాసినంత అల్కగ.
"కోత లేకుండ చూద్దాం."
నేను కుర్చీ అంచుకే కూసున్న ఇంకా.

ముందుగాల టబ్బు.
బేగంబజార్ల నూట నలభైకి బేరం, నీలం రంగుది.
గోరువెచ్చని నీళ్ళు, దినానికి మూడుసార్లు.
డ్యూటీల మధ్యాహ్నం యాడ పెట్టాలె టబ్బు, డాక్టరమ్మా?
ఆమె నవ్వలే. మూడు కొట్టేసి రెండు రాసింది.
నీళ్ళు పుండును మాన్పినయో లేదో చెప్పలేను,
గని ఆ పది నిమిషాలు
నా వెనకాల ఎవ్వడు హారన్ కొట్టడు.

ఇసబ్‌గోల్ పొట్టు, పండ్లు, నీళ్ళు.
నీళ్ళు, నీళ్ళు అని మూడుసార్లన్నది.
తాగితే ఒంటికొస్తది,
ఒంటికొస్తే బస్సు యాడ ఆపాలె?
పంతొమ్మిదేండ్లు తాగకుంట మిగిలించిన నీళ్ళే
లోపల రాయై కూసున్నయని
అప్పుడు తెలిసింది.

తర్వాత మలాం, శనగగింజంత.
బెంచీ మీద ఖలీలుల్లా సాబ్
ట్యూబు మీది పేరు చదివి ఉలిక్కిపడ్డడు:
"అరె మియా, ఇది నా గుండెది!
నొప్పొస్తే నాలుక కింద పెట్టుకునే గోలీ!"
ఒకటే మందు. ఆయనకు పైన, నాకు కింద.
బిగవట్టినదాన్ని వదులుజేసుడే దాని పని.
కింద వదులైంది గని
తలకాయ సుత్తెతోని కొట్టినట్టైంది.
మాసబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ మీద
కండ్ల ముంగట మెరుపులు.
అరవై పానాలున్నయమ్మా నా చేతుల, అన్న.
మార్చింది.

కొత్తది బీపీ మందుతోని చేస్తరంట.
మా గల్లీ దుకాణంల లేదు, అబిడ్స్ దాకా పోయిన.
తల నొవ్వలే. జర దురద, అంతే.
గని నిమ్మళం, చానా నిమ్మళం,
ట్యాంక్‌బండ్ మీద వాన పడ్డనాటి ట్రాఫిక్ లెక్క.
"ఆరు వారాలు. తగ్గిందని నడిమిట్ల ఆపకు."
నాలుగో వారం తగ్గిందని ఆపిన.
మళ్ళ మొదటి స్టాపు నుంచి.

ఇంకోటి సూది ఉన్నదన్నది,
టీవీల మొఖాల ముడతలకు వేసేది.
కండరం కొన్ని నెలలు నిద్రపోతదట,
కొందరికి కొన్నాళ్ళు గాలి ఆగదట.
ధర విన్న.
ముడతలు లేకున్నా ఉన్నా
నా వెనక ఏ కెమెరా ఉన్నది?
బిడ్డ ఇంటర్ ఫీజు జేబుల తడుముకొని
మలాం చాలన్న.

వీటిల ఏది మంచిదమ్మా అంటే
కండ్లద్దాలు తుడుచుకుంట అన్నది:
"నువ్వు మానకుంట వాడేది."

నిన్న లకిడీకాపూల్ కాడ సిగ్నల్ పడ్డది.
నడుమెట్లున్నదన్నా అన్నది బాలమణి.
ఏమైందో ఏమో,
నడుము కాదు బాలమణీ, అన్న.
చెప్పిన.
ఆమె చిల్లర లెక్కపెట్టుడు ఆపింది.
పచ్చ పడ్డది. రెండు స్టాపులు మాటల్లేవు.
మూడో స్టాపుల, కిటికీ దిక్కు చూసుకుంట,
"మేం గూడ నీళ్ళు తాగం గదన్నా" అన్నది.
జరసేపాగి,
"ఆ అబిడ్స్ దుకాణం యాడ, కరెక్టుగ?"

టికెట్ వెనక రాసిచ్చిన.
నా నీళ్ళ సీసా అటు జరిపిన.
ముంగట స్పీడ్ బ్రేకరొచ్చింది,
మెల్లగ ఎక్కించిన.